మొదటి ట్రక్కు కంపెనీ ఏది పట్టాలి, కెనడా ఒంటారియోలో ఉన్నోళ్ళు కాస్త చెప్పండి

టెక్కలి కుర్రోడు:
అందరికీ నమస్కారమండి. మాది టెక్కలి దగ్గర, ఊళ్ళో గ్రానైట్ లారీ తోలేవోణ్ణి. మా ఆవిడ ఇక్కడ నర్సు, ఆమె మీద నాకు ఓపెన్ వర్క్ పర్మిట్ వచ్చింది. మెల్ట్ అనే డ్రైవర్ ట్రైనింగ్ అయిపోయింది, పెద్ద ట్రైలర్ బండ్లు తోలే ఏజెడ్ లైసెన్సు చేతికొచ్చింది. ఇప్పుడు రెండు చోట్ల పిలిచారు. ఒకటి చిన్న కంపెనీ, మైలుకి 65 సెంట్లు, సోమవారమే బండి ఇచ్చీస్తాం ఎల్లిపో అంటున్నారు, కాకపోతే నా పేరు మీద ఒక కార్పొరేషన్ తెరవాలంట. రెండోది పెద్దది, గంటకి 25 డాలర్లు, ముందు కొన్ని వారాలు ట్రైనర్ పక్కన కూర్చోవాలి, ఒంటారియో, క్యూబెక్ వరకే. ఇంటి దగ్గర అప్పులున్నాయి, డబ్బులు చూస్తే మొదటిదే బాగుంది. ఏటి చెయ్యమంటారు?

సాలూరు, ఇప్పుడు బ్రాంప్టన్:
తమ్ముడూ, రెండోదాన్లోకి ఎల్లు, ఇందులో ఆలోచించడానికి ఏటీ లేదు. మైలుకి ఎన్ని సెంట్లు అన్నది తరవాత, మొదటి నెల నీ పక్క సీట్లో ఎవరు కూర్చుంటారు అన్నది ముందు అడగాలి. మెల్ట్ అన్నది 2017 జూలైలో పెట్టిన కనీస ట్రైనింగు, 103.5 గంటలు, అందులో క్లాసురూమూ యార్డూ అన్నీ కలిపే, రోడ్డు మీద నువ్వు స్టీరింగ్ పట్టుకున్నది ఎంతసేపో నీకే తెలుసు. మన సాలూరులో కొత్తోడికి లోడుబండి ఇచ్చి కొరాపుట్ ఘాట్ ఎక్కించీమంటారేటి? క్లీనర్‌గా ఎక్కి, టైర్ల కింద రాళ్ళు పెట్టి, గురువు నిద్దరోతే ఖాళీ బండి తోలి, అప్పుడు గదా సీటు దొరికేది. ఇక్కడ ఆ క్లీనర్ కాలం ట్రైనర్ దగ్గర గడుస్తాది, పైగా జీతం ఇచ్చి మరీ.

నువ్వు గ్రానైట్ తోలినోడివే, చెయ్యి తిరిగినోడివే, కాదనను. కానీ ఇక్కడ చలి వేరు. రాత్రి మైనస్ 25లో తడి బ్రేకుల్తో ట్రైలర్ ఆపీసి పడుకున్నావనుకో, పొద్దున్నకి బ్రేకు షూలు డ్రమ్ములకి అతుక్కుపోతాయి, నువ్వు బండి కదిపితే వెనకాల చక్రాలు తిరక్కుండా మంచు మీద జారుతూ వస్తుంటాయి, అద్దంలో చూడకపోతే తెలీదు కూడా, పొడి రోడ్డు తగిలేసరికి టైరు ఒక పక్క చదునుగా అరిగిపోద్ది. దిగి సుత్తితో డ్రమ్ము మీద కొట్టి విడిపించాలి. అలాగే ట్రైలర్ తగిలించాక కింద దూరి టార్చి వేసి కింగ్‌పిన్ (ట్రైలర్ కింద ఉండే లాకు పిన్ను) చుట్టూ జాస్, అంటే దాన్ని పట్టుకునే దవడలు, పూర్తిగా మూసుకున్నాయో లేదో కళ్ళారా చూడాలి, ట్రైలర్ బ్రేకులు వేసి ముందుకి లాగి కూడా చూడాలి. టక్ మని శబ్దం వచ్చింది కదా అని వదిలీకూడదు. ఇవన్నీ పక్కనోడు వెయ్యిసార్లు విసుక్కుంటే గానీ అలవాటు కావు.

ఇంకోటి, కొత్తోళ్ళని చలికాలంలో థండర్ బే వైపు హైవే 11, 17 మీదకి తోలీసే కంపెనీలున్నాయి. చాలా దూరం అటొక లైను ఇటొక లైనే, రాత్రి మూస్ అని మన గేదెకన్నా ఎత్తుండే జంతువు అడ్డం వస్తాది. 2018 ఏప్రిల్‌లో సస్కాచెవాన్‌లో హంబోల్ట్ హాకీ జట్టు బస్సుకి జరిగింది విన్నావా, 16 మంది పోయారు, ట్రక్కు తోలింది మన దేశం నుంచి వచ్చిన కొత్త కుర్రోడే, స్టాప్ గుర్తు దాటీసాడు. ఆడికి 8 ఏళ్ళు జైలు పడింది, ఓనర్‌కి లాగ్‌బుక్కులూ అవీ సరిగ్గా లేవని 5,000 డాలర్ల జరిమానా. లెక్క నువ్వే చూసుకో.

డ్రైవింగు రోజుకి 13 గంటలు, డ్యూటీ మొత్తం 14, తరవాత రెస్టు. బండిలో ఈఎల్‌డీ అని గంటలు లెక్కేసే మిషను ఉంటాది, అదే రాసుకుంటాది. లోడ్లు పంపే డిస్పాచర్ "కొంచెం అడ్జస్ట్ చేసుకో భాయ్" అన్నాడంటే ఆ యార్డులోంచి బయటికొచ్చీ.

విజయనగరం, మిస్సిసాగా (పేరోల్ పని):
తమ్ముడూ, అన్నయ్య బండి సంగతి చెప్పారు, నేను డబ్బుల సంగతి చెప్తాను. కార్పొరేషన్ తెరవమంటున్నారు చూశావా, దీన్ని ఇక్కడ డ్రైవర్ ఇంక్ అంటారు. బండి వాళ్ళది, లోడు వాళ్ళది, టైము వాళ్ళు చెప్పిందే, పేరుకి మాత్రం నువ్వు వేరే కంపెనీ. చెక్కులో ఏమీ కోయరు కాబట్టి మొదట్లో చాలా ఎక్కువ కనిపిస్తుంది. కానీ సీపీపీలో, అంటే ఇక్కడి పెన్షన్లో, వాళ్ళ వాటా కట్టరు, ఈఐ అంటే పని పోతే వచ్చే బీమా లేదు, వెకేషన్ పే లేదు, పని లేని వారం వస్తే నీ పాట్లు నువ్వు పడాలి. ప్రావిన్సులు దాటే ట్రక్కులకి ఫెడరల్ లేబర్ చట్టం వర్తిస్తుంది, ఉద్యోగిని ఉద్యోగి కాదని చూపించడం 2021 నుంచి ఆ చట్టంలోనే నేరుగా నిషేధం. రేపు సీఆర్‌ఏ (ట్యాక్సు శాఖ) వాళ్ళు లెక్కలు తీస్తే ట్యాక్సు బిల్లు ముందు వచ్చేది ఆ కార్పొరేషన్‌కి, అంటే నీకే.

అందరూ మర్చిపోయేది ఇంకోటుంది. ట్రక్ డ్రైవర్ పని 2022 నవంబర్ నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి, అంటే పీఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) దారికి, పనికొస్తుంది, ఆ పనికి ప్రభుత్వ కోడు ఎన్‌ఓసీ 73300. కానీ అందులో ఇక్కడి పని అనుభవాన్ని చూసే కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాసులో సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ లెక్కలోకి రాదు. ఏడాది పాటు కార్పొరేషన్ పేరు మీద తోలి, తీరా పీఆర్ అప్లై చేసేటప్పుడు ఆ ఏడాది సున్నా అయితే ఏం చేస్తావు? అందుకే టీ4 (కంపెనీ తన ఉద్యోగికి ఇచ్చే ఏడాది జీతం కాగితం) ఇస్తారా అని ఒక్క ముక్క అడుగు. ఇస్తాం అంటే మాట్లాడు. ఎల్‌ఎంఐఏ (బయటి దేశం వాణ్ణి పెట్టుకోవడానికి కంపెనీ తీసుకునే అనుమతి) ఇప్పిస్తాం ఇన్ని వేలు కట్టు అని ఎవడైనా తగులుతాడు, దానికి ఫీజు కట్టాల్సింది కంపెనీ, నీ దగ్గర వసూలు చేయడమే తప్పు, పైగా 2025 మార్చి నుంచి జాబ్ ఆఫర్‌కి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పాయింట్లే తీసేశారు.

నరసన్నపేట, కేల్గరీ:
అక్క చెప్పింది కరెక్టే గానీ చిన్న కంపెనీలన్నీ అలాంటివే అనుకోవద్దు. నా మొదటి ఓనర్‌కి నాలుగు బండ్లే, ఆయనే పక్కన కూర్చుని రాకీస్ కొండలు దాటించాడు, టైర్లకి చైన్లు వేయడం చలిలో చేతులు పట్టుకుని నేర్పించాడు, టీ4 కూడా సరిగ్గా ఇచ్చాడు. పెద్ద కంపెనీలో నువ్వొక నంబరువి, అది కూడా నిజమే. అందుకని సైజు చూడకు. ఒంటారియోలో అయితే ఆ కంపెనీ సీవీఓఆర్ అనే ప్రభుత్వ సేఫ్టీ రికార్డు చిన్న ఫీజు కట్టి ఎవరైనా తీసుకోవచ్చు, యాక్సిడెంట్లూ కన్విక్షన్లూ అందులో ఉంటాయి. అమెరికా వెళ్ళే కంపెనీలైతే అక్కడి రవాణా శాఖ సేఫర్ సైట్‌లో ఊరికే కనిపిస్తాయి. సరుకు పంపే షిప్పర్ దగ్గర గంటలు గంటలు వెయిట్ చేస్తే డబ్బులిస్తారా, బండికి గీత పడితే జీతంలో కోస్తారా, ఇవి కూడా అడుగు. మైలు రేటు ఎంత చెప్పినా లోడెక్కించే డాక్ దగ్గర నిలబడ్డ బండికి మైళ్ళు తిరగవు కదా.

టెక్కలి కుర్రోడు:
అందరికీ థాంక్సండి. ఇవాళ చిన్న కంపెనీకి ఫోన్ చేసి టీ4 ఇస్తారా అన్నాను, మా దగ్గర అందరూ ఇలాగే తోలుతున్నారు నీకొక్కడికే ఏటి ప్రాబ్లం అన్నారు. పక్కన ఎవరు కూర్చుంటారు అంటే జీపీఎస్ ఉంది కదా అన్నారు. దానికి దండం పెట్టీశాను. రెండోదాంట్లో మాత్రం ఒక పేపరు ఇచ్చారు, ఏడాది లోపల మానేస్తే ట్రైనింగ్ ఖర్చు 3,000 డాలర్లు కట్టాలంట. అదేటైనా మోసమేనా?

సాలూరు, ఇప్పుడు బ్రాంప్టన్:
అలాంటివి చాలా చోట్ల ఉన్నాయి, అదొక్కటే చూసి భయపడకు. కానీ సంతకం పెట్టే ముందు మూడు చూడు. నెలలు గడిచేకొద్దీ ఆ డబ్బు తగ్గుతాదా, లేక పదకొండో నెలలో మానేసినా మొత్తం కట్టాలా. వాళ్ళే తీసీస్తే కూడా నువ్వే కట్టాలా. ఆఖరి జీతంలోంచి పట్టుకుంటామని రాసుందా. రెండ్రోజులు టైము అడుగు, ఇవ్వనంటే అదే జవాబు. నీ పేరూ సిన్ నంబరూ (మన ఆధార్ లాంటిది) చెరిపీసి ఫోటో తీసి అక్కకి పంపు, ఆవిడ చదివి పెడతారు. అప్పు సంగతి మర్చిపోలేదు నేను, ట్రైనర్‌తో ఉన్న వారాలకి జీతం ఎంతో కూడా అడిగి పెట్టుకో, కొన్ని చోట్ల అది తక్కువుంటాది, నెలనెలా ఇంటికి పంపేది దాన్ని బట్టి ముందే చెప్పీ. వింటర్ బూట్లు కొనకు, నా దగ్గర ఒక జత ఊరికే పడుంది, సైజు చెప్పు.