రక్‌లో బంతి తట్టాలా, పట్టేయాలా? గ్రండీ ఆట మీద తెగని వాదన

హంసల బ్యాచ్:
ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ (ఫుటీ) ఆటగాడు బ్రోడీ గ్రండీ కాలింగ్‌వుడ్ క్లబ్‌లో ఎదిగి, 2023లో ఒక్క సీజన్ మెల్‌బోర్న్‌కి ఆడి, ఆ ఏడాది చివర ట్రేడ్‌లో సిడ్నీ స్వాన్స్‌కి వచ్చాడు. బంతి గీత దాటాక అంపైర్ లోపలికి విసిరేదే బౌండరీ త్రో-ఇన్. దానికోసం రెండు జట్ల పొడవాటి ఆటగాళ్లు పోటీపడటం రక్, వాళ్లే రక్‌మన్లు. మామూలుగా వాళ్లు బంతిని తమ మిడ్‌ఫీల్డర్ల వైపు తడతారు. ఇతను మాత్రం వీలు దొరికితే రెండు చేతులా లాక్కుని, అవతలివాడు మీద వేలాడుతుండగానే కాలికి తగిలించి ముందుకు పంపేస్తాడు. ఫుటీలో నాకు ఇంతకన్నా ముద్దొచ్చే దృశ్యం లేదు. దీన్ని తిక్క ఆట అనేవాళ్లకి ఒకటే మాట: తట్టిన బంతి మనవాడికే చేరుతుందన్న గ్యారంటీ లేదు. పట్టిన బంతి అప్పటికే మన చేతిలో ఉంది.

పాయింట్ పోస్ట్:
చేతిలో ఉంటే సరిపోదండీ, అక్కణ్ణుంచి బయటపడాలి. మా మిడ్‌ఫీల్డర్ చాడ్ వార్నర్ పరుగు అందుకున్నాక బంతి అతని దారిలో పడితే ఆపడం ఎవరి తరమూ కాదు. గ్రండీ పట్టేసుకోగానే ఆ పరుగు ఆగిపోతుంది. కిక్ కొడతాడా, హ్యాండ్‌బాల్ (పిడికిలితో కొట్టే పాస్) ఇస్తాడా తెలియక వార్నర్, ఇంకో మిడ్‌ఫీల్డర్ హీనీ ఇద్దరూ నిలబడి చూడాల్సి వస్తుంది. పైగా టాకిల్‌లో ఇరుక్కుని కొట్టే కిక్‌కి దూరం ఉండదు, గురి ఉండదు. వెనక కాచుకున్న డిఫెండర్ హాయిగా మార్క్ (గాల్లోనే క్యాచ్) పట్టుకుంటాడు. లెక్కల్లో అది క్లియరెన్స్ (గుంపులోంచి బంతిని బయటికి పంపడం), నిజానికి బంతి పోయినట్టే.

రూల్ బుక్:
రూల్ ఎక్కడ మారిందో చూడకుండా దీన్ని తేల్చలేం. 2018 దాకా రక్‌లో నేరుగా బంతి పట్టుకున్నవాడికి ‘ప్రయర్ ఆపర్చునిటీ’ (బంతి వదిలించుకునే అవకాశం ముందే దొరకడం) ఉన్నట్టే లెక్క. టాకిల్ పడి బంతి వదిలించుకోలేకపోతే వెంటనే హోల్డింగ్ ద బాల్, అంటే అవతలి జట్టుకి ఫ్రీ కిక్. అందుకే పాతతరం కోచ్‌లు ‘పట్టొద్దు’ అనేవాళ్లు. 2019 నుంచి ఆ లెక్క తీసేశారు. ఇప్పుడు పట్టుకున్నాక టాకిల్ పడితే, కిక్‌కో హ్యాండ్‌బాల్‌కో నిజంగా ప్రయత్నిస్తే చాలు. ఆ ప్రయత్నంలో బంతి జారినా ప్లే ఆన్.

అలాగని ఎవరు పడితే వాళ్లు చేసే పని కాదిది. గ్రండీ పాదాలు గమనించండి. బంతి గాల్లో ఉండగానే తుంటితో అవతలివాడిని బంతి పడే చోటుకి ఒక అడుగు అవతలికి నెట్టి, ఆ చోటు తను తీసుకుంటాడు. ఎగరడం తక్కువ, రెండు కాళ్లూ నేలమీదే. పట్టిన మరుక్షణం కిక్ వేసే కాలివైపు బంతి దించుతాడు. టాకిల్ రెండు చేతుల్నీ కలిపి బిగించేలోపు అది బూటు మీద పడాలి. ఎగిరి పట్టుకున్నవాడు నేలమీదికి వచ్చేసరికే ఒక చెయ్యి ఇరుక్కుంటుంది. అక్కడ హ్యాండ్‌బాల్ కుదరదు, విసిరితే త్రో కింద ఫ్రీ కిక్. 2024 సీజన్ మధ్యలో టాకిల్ పడ్డవాడికి ఇచ్చే సమయం కూడా అంపైర్లు తగ్గించారు కాబట్టి గింగిరాలు తిరుగుతూ కూర్చుంటే పని జరగదు.

డీమన్స్ అభిమాని:
అన్నా, పట్టడమా తట్టడమా అన్నది అతని ఆటలో సగమే. మా మెల్‌బోర్న్ (డీమన్స్) జట్టులో ఇంకో రక్‌మన్ మాక్స్ గాన్ పక్కన ఆడించినప్పుడు అతన్ని ఎక్కువసేపు ఫార్వర్డ్‌లో నిలబెట్టారు. అక్కడ గ్రండీ గ్రండీలా లేడు. 2023 ఫైనల్స్‌లో కాలింగ్‌వుడ్ చేతిలో 7 పాయింట్లతో, కార్ల్‌టన్ చేతిలో 2 పాయింట్లతో ఓడిపోయాం, ఆ రెండు మ్యాచ్‌లకీ అతను జట్టులోనే లేడు. అతని బలం రక్ పోటీ అయ్యాక కనిపిస్తుంది. బంతి నేలమీద పడితే 203 సెంటీమీటర్ల మనిషి వంగి ఏరుకుంటాడు, లేచి మళ్లీ టాకిల్ వేస్తాడు. రోజంతా రక్‌లో ఉంచకపోతే ఇదంతా వృథా.

హంసల బ్యాచ్:
సరిగ్గా చెప్పారు. రక్‌మన్‌ని అదనపు మిడ్‌ఫీల్డర్‌లా ఆడించడం స్వాన్స్ కోచ్ డీన్ కాక్స్‌కి కొత్త కాదు. వెస్ట్ కోస్ట్‌లో ఆయన ఆడిందే ఆ ఆట. 2006 గ్రాండ్ ఫైనల్‌లో మనల్ని ఒక్క పాయింట్‌తో ఓడించిన జట్టు రక్‌మన్ ఆయనే.

పాయింట్ పోస్ట్:
అదనపు మిడ్‌ఫీల్డర్‌గా పనికొస్తాడన్నది నేనూ కాదనను. నా గొడవ స్టాపేజ్ (ఆగిన ఆట రక్ పోటీతో మళ్లీ మొదలయ్యే చోటు) గురించే. 2026 నుంచి సెంటర్ బౌన్స్ (మైదానం మధ్యలో అంపైర్ బంతిని నేలకి కొట్టి లేపడం) తీసేసి బంతిని పైకి విసురుతున్నారు. పోటీపడేలోపు రక్‌మన్ మధ్యగీత దాటకూడదు. అంటే తుంటితో నెట్టే అవకాశం తగ్గి, ఎగిరేవాడిదే పైచేయి. సెంటర్‌లో అతను శుభ్రంగా తట్టడం మీద దృష్టి పెట్టాల్సిందే.

రూల్ బుక్:
సెంటర్‌లో ఒప్పుకుంటా. కానీ అదే ఏడాది వచ్చిన ఇంకో రూల్ చూడండి. రెండు గోల్‌ల ముందుండే 50 మీటర్ల ఆర్క్‌ల మధ్య ఎవరి కిక్‌తోనో హ్యాండ్‌బాల్‌తోనో బంతి ఇంకెవరూ తాకకుండా గీత దాటితే అవతలి జట్టుకి ఫ్రీ కిక్. దాంతో మైదానం మధ్యలో త్రో-ఇన్‌లు తగ్గి, మిగిలేవాటిలో రెండు చివర్ల వాటా పెరుగుతుంది. ఫార్వర్డ్ పాకెట్‌లో (అవతలి గోల్ పక్క మూలలో) పట్టుకుని స్నాప్ (ఒళ్లు తిప్పి గోల్‌కి కొట్టే కిక్) కొడితే, గురి తప్పినా ఒక పాయింటో, గోల్ ముందు గుంపులో ఇంకో బంతో దక్కుతుంది. అక్కడ ధైర్యంగా పట్టాలి. మన గోల్ ముందు మాత్రం హోల్డింగ్ ద బాల్ అంటే అవతలివాడికి తీరిగ్గా షాట్ ఇచ్చినట్టే. అక్కడ పట్టొద్దు. గట్టిగా కొట్టి బంతిని నేరుగా గీత దాటించినా ఫ్రీ కిక్కే కాబట్టి, గోల్‌కి దూరంగా, గీతవైపు నేలకి తట్టాలి.

పాయింట్ పోస్ట్:
డిఫెన్స్‌లో మీరు చెప్పినట్టు ఆడితే నాకు పేచీ లేదు. ఫార్వర్డ్ పాకెట్‌లో మాత్రం నా మాట అదే: హీనీ పక్కనే ఉంటే తట్టి అతనికివ్వాలి. ఆ స్నాప్ గ్రండీ కన్నా హీనీ కాలికే నమ్మకం.