హిమాలయన్ 411కి ఆయిల్ టెంపరేచర్ గేజ్: పెట్టించాలా, వద్దా?

నల్లమల దారి:
అన్నలూ, అక్కలూ, మీ సలహా కావాలి. నాది రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల హిమాలయన్ 411 బండి. ఈ జూన్‌లో హైదరాబాద్ నుంచి లేహ్‌కి బయల్దేరుతున్నా. మొన్న ఏప్రిల్ చివర్లో, మిట్టమధ్యాహ్నం శ్రీశైలం నుంచి తిరిగొస్తూ డ్యామ్ దాటి ఈగలపెంట వైపు ఘాట్ ఎక్కుతుంటే బస్సుల వెనక చాలాసేపు సెకండ్ గేర్‌లోనే నడపాల్సి వచ్చింది. పైకొచ్చాక న్యూట్రల్ పడటానికే ఇబ్బంది పెట్టింది, ఇంజిన్ శబ్దం కూడా మారినట్టు అనిపించింది. మన మీటర్ బయటి గాలి వేడి చూపిస్తుంది గానీ లోపలి ఆయిల్ వేడి చూపించదు. ఇంజిన్ అడుగున పాత ఆయిల్ దించే డ్రెయిన్ బోల్ట్ తీసి, ఆ చోట సెన్సర్ బిగించి, హ్యాండిల్ మీద గేజ్ పెట్టించుకోవాలని ఉంది. మా గ్రూపులో సగం మంది పెట్టించమంటున్నారు, సగం మంది దండగ ఖర్చంటున్నారు.

పాత స్పానర్:
వద్దు బాబూ. ముప్పై ఏళ్లుగా షెడ్డులో ఉన్నవాణ్ణి, చూసిందే చెబుతున్నా. నీ బండికి ఆయిల్ కూలర్ కంపెనీనుంచే ఉంది. ఇంజిన్ పక్కన ఆయిల్ చూసుకునే గాజు ఉంది. పొద్దున్నే బండి నిటారుగా నిలబెట్టి అందులో మట్టం చూసుకో, గ్రేడ్ తప్పకుండా ఆయిల్ మార్చు, చాలు. డ్రెయిన్ బోల్ట్ చోట సెన్సర్ పెడితే అది కిందికి పొడుచుకొస్తుంది, వైరు వేలాడుతుంది. లద్దాఖ్ దారుల్లో ఎగిరే రాళ్లు దేనికి తగులుతాయి?

పోయినేడు ఒక కుర్రాడి బండి నా దగ్గరికి ఆటో ట్రాలీలో వచ్చింది. ఎక్కడో సెన్సర్ బిగించేటప్పుడు బలమంతా వాడేశారు. ఇంజిన్ అల్యూమినియం తొడుగులో మర సగం పోయింది, నాలుగొందల కిలోమీటర్లు పోయాక ఆయిల్ చుక్కలు చుక్కలుగా కారడం మొదలైంది. ఇంజిన్ దించి, మర కొత్తగా కోసి స్లీవ్ వేస్తే గానీ నిలవలేదు. బండిని బాగు చేద్దామని పెట్టిన వస్తువే దాన్ని పడుకోబెట్టింది.

ఇంకో మాట. గేజ్ 130 డిగ్రీలు చూపించిందనుకో, ఏం చేస్తావ్? నీడలో ఆపుతావ్. ఎండకీ బండి శబ్దానికీ ఆ పని గేజ్ లేకపోయినా చేస్తావు కదా?

రెంటచింతల ఎండ:
మాస్టారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంచే అడ్డు చెబుతున్నా. మాది పల్నాడు. మేలో మా ఊళ్లో నడి ఎండలో బండి తీసేవాడికి ఈ ప్రశ్న సరదా ప్రశ్న కాదు. నా బండికి గేజ్ పెట్టి నాలుగేళ్లయింది.

ముందు ఆయిల్ సంగతి. మన డబ్బా మీద 15డబ్ల్యూ-50 అని ఉంటుంది. ఆ 50 అనే గ్రేడ్‌కి చిక్కదనం కొలిచేది 100 డిగ్రీల దగ్గర. వేడి అంతకు మించి పెరిగేకొద్దీ ఆయిల్ పల్చబడుతూనే ఉంటుంది. ఉజ్జాయింపుగా ప్రతి 10 డిగ్రీలకూ ఆయిల్ గాలితో కలిసి చెడిపోయే వేగం రెట్టింపవుతుందని లెక్క. అందుకే 100 దగ్గర తిరిగిన బండికీ, రోజూ 130 దాటిన బండికీ ఆయిల్ మార్చే గడువు ఒకటే అనుకోకూడదు. మన బండ్లలో క్లచ్‌కీ గేర్‌బాక్స్‌కీ కూడా ఆ ఆయిలే అని మరిచిపోవద్దు.

నా బండిలో హైవే మీద 75-80 వేగంతో పోతే 100-105 మధ్య నిలుస్తుంది. మేలో ఘాట్ ఎక్కితే 120 పైన. లంబసింగిలో జనవరి తెల్లవారుజామున ఎంతసేపు నడిపినా 80 దాటేది కాదు. ఈ అంకెలు నా బండివి, నా సెన్సర్ ఉన్న చోటువి. మీ బండికి వేరేగా రావచ్చు.

రెండేళ్ల క్రితం వానాకాలం పోయాక, రోజూ పోయే దారిలో, ఎప్పటి వేగంతోనే వెళ్తున్నా. గేజ్ మాత్రం ఎప్పటికన్నా 15 డిగ్రీలు ఎక్కువ చూపించింది. శబ్దంలో తేడా లేదు, గాజులో ఆయిల్ మట్టం సరిగ్గానే ఉంది. ఆపి చూస్తే ఆయిల్ కూలర్ రెక్కల మధ్య పొలాల బురద ఎండి గడ్డకట్టింది. నీళ్లతో నెమ్మదిగా కడిగితే మర్నాటికి అంకె పాత చోటికి వచ్చేసింది. మాస్టారూ, ఇది చెవికి వినిపించే సంగతి కాదు. 130 మంచిదా చెడ్డదా అనే వాదన కన్నా, నా బండికి మామూలు ఎంత, ఇవాళ మామూలు తప్పిందా అన్నదే నాకు ముఖ్యం. ఆ మామూలు గేజ్ లేకుండా తెలియదు.

డెక్కన్ ట్విన్:
రెంటచింతల అన్నతో సగం ఏకీభవిస్తా. ఒక జాగ్రత్త చెప్పాలి. ఆయిల్ నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగా చల్లారుతుంది. ఇంజిన్ పైభాగం, అంటే సిలిండర్ హెడ్, ముందే కాగిపోతుంది, అడుగున ఉన్న ఆయిల్‌కి ఆ సంగతి నిమిషాల తర్వాత చేరుతుంది. గేజ్‌ని అపాయం గంటలా నమ్ముకుంటే మోసపోతాం. ఆయిల్ తక్కువైనా, ప్రెషర్ పడిపోయినా అది చెప్పదు. గాజు చూడటం మానకూడదు. కూలర్ పైపు బోల్ట్ చోట పెట్టే సెన్సర్లు కూడా దొరుకుతాయి గానీ, అక్కడ ఆయిల్ ఒత్తిడితో పోతుంది. లీకైతే చుక్కలు కాదు, ధారే. నేనైతే దూరప్రయాణపు బండికి అది పెట్టను.

విశాఖ తీరం:
పెట్టించేవాళ్ల కోసం వైరింగ్ గురించి రాస్తున్నా. నా బండికి నేనే చేసుకున్నాను.

కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి తీయకండి, రాత్రంతా తాగేస్తుంది. తాళం తిప్పితేనే వచ్చే వైరు నుంచి, చిన్న ఫ్యూజ్ వేసి తీయండి. ఒక్క వైరు సెన్సర్ అయితే దానికి ఎర్త్ ఇంజిన్ నుంచే వస్తుంది. లీక్ భయంతో మరకి టెఫ్లాన్ టేపు చుట్టారంటే ఎర్త్ సరిగ్గా అందక అంకె తప్పుతుంది. టేపు బదులు కొత్త రాగి వాషర్ వాడండి. సెన్సర్, గేజ్ జత కూడా కలవాలి. వేడెక్కేకొద్దీ సెన్సర్ రెసిస్టెన్స్ తగ్గుతుంది, ఎంత తగ్గాలన్నది గేజ్‌కి తెలిసిన లెక్కతో సరిపోవాలి. ఒకచోట గేజ్, ఇంకోచోట సెన్సర్ కొన్నవాళ్లు నెలల తరబడి తప్పు అంకెనే నమ్మారు.

బిగించే ముందు మరిగే నీళ్లలో సెన్సర్ కొన ముంచి చూడండి. విశాఖలో 100 రావాలి. హైదరాబాద్ ఎత్తులో నీళ్లు దాదాపు 98కే మరుగుతాయి, కాబట్టి అక్కడ 98 చూపిస్తే గేజ్ సరైనదే. ఈ పరీక్ష ఇంట్లోనే చేసుకెళ్లు తమ్ముడూ. లేహ్‌లో 90 లోపే మరుగుతాయి, అక్కడ చూస్తే కంగారు పడతావు.

పాత స్పానర్:
కూలర్ బురద సంగతి నిజమే రెంటచింతలా, అది చెవికి దొరకదు. ఒప్పుకుంటా. డ్రెయిన్ బోల్ట్ సెన్సర్‌కి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. ఆయిల్ పోసే మూత చోట బిగించే ముల్లు గేజ్ ఉంటుంది, నీ బండి మరకి సరిపోయేది దొరుకుతుందేమో చూడు బాబూ. దానికి వైరు లేదు, కింద తగిలేదీ లేదు. కడ్డీ పొడవు మాత్రం చూసి తీసుకో. పొట్టిదైతే ఆయిల్‌కి అందక లోపలి ఆవిరి వేడే చూపిస్తుంది, పొడుగుదైతే లోపల తిరిగే భాగాలకి తగులుతుంది. పాత మూత పారెయ్యకుండా సంచిలో పెట్టుకో.

నల్లమల దారి:
మాస్టారూ, మూత గేజే పెట్టిస్తా. నడిపేటప్పుడు కిందికి వంగి చూడను, ఆగిన ప్రతిచోటా చూసి డైరీలో రాసుకుంటా. వెళ్లేలోపు శ్రీశైలం రెండుసార్లు తిరిగొస్తే నా బండి మామూలు ఎంతో తెలుస్తుంది కదా అన్నా?

రెంటచింతల ఎండ:
తెలుస్తుంది తమ్ముడూ. ఒకసారి పొద్దున్నే, ఒకసారి మధ్యాహ్నం వెళ్లు. బయటి వేడి కూడా పక్కనే రాసుకో. వేడి మీద ఆ మూత చేత్తో ముట్టుకోకు, గ్లవ్స్ వేసుకునే తియ్యి.