క్వెరీకి వచ్చే వరుసల సంఖ్యను త్వరగా తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న:
నమస్కారం. మా కార్యాలయంలో రసీదులను పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో భద్రపరుస్తున్నాము. టేబుల్‌లో ఇప్పుడు 40 లక్షల వరుసలున్నాయి. శాఖ, తేదీలను బట్టి వెతికినప్పుడు పేజీకి 20 రసీదులు చూపి, పైన మొత్తం సంఖ్య రాయాలి. మొదట్లో ఫలితాన్నంతా ప్రోగ్రాంలోకి తెచ్చుకుని జాబితా పొడవు చూసేవాణ్ణి. మెమరీ నిండిపోతుండడంతో, వరుసలను డేటాబేస్‌లోనే లెక్కపెట్టే కౌంట్(*)కు మారాను. ఇప్పుడు 20 రసీదులు కన్ను మూసి తెరిచేలోగా వస్తున్నాయి గానీ, ఆ ఒక్క అంకె కోసం ఆరేడు సెకన్లు ఆగవలసి వస్తోంది. కౌంట్(1) వేగంగా ఉంటుందని ఒక మిత్రుడు చెబితే రాసి చూశాను, తేడా కనబడలేదు. ఏం చేయాలో దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
తేడా ఉండదండి, ఆ రెండూ చేసే పని ఒక్కటే. లోపల కాలమ్ పేరు రాస్తే మాత్రం అర్థమే మారిపోతుంది: ఆ కాలమ్‌లో నల్ ఉన్న, అంటే విలువ లేని, వరుసలు లెక్కలోకి రావు. ఇక ఆలస్యం సంగతి. ఒకే సమయంలో ఎన్నో ట్రాన్సాక్షన్లు (ఒక కట్టగా జరిగే డేటాబేస్ పనులు) నడుస్తుంటాయి కాబట్టి, ఫలానా వరుస మీ ట్రాన్సాక్షన్‌కు కనబడాలా వద్దా అన్నది పోస్ట్‌గ్రెస్ అప్పటికప్పుడు చూసుకోవాలి. అందరికీ చెల్లే ఒకే మొత్తాన్ని ముందే రాసిపెట్టుకోవడం దానికి కుదరదు. మరో డేటాబేస్ అయిన మైఎస్‌క్యూఎల్‌లోని పాత మైఐసామ్ రకం టేబుళ్లు ఆ సంఖ్యను దాచుకుని, వేర్ షరతు (ఏ వరుసలు కావాలో చెప్పే భాగం) లేకపోతే వెంటనే చెప్పేవి. అందులోనే ఉన్న మరో రకం, ఇన్నోడీబీ అయితే లెక్కపెట్టవలసిందే.

శాఖ ముందు, తేదీ తరువాత ఉండేలా రెండింటిపై కలిపి ఒక ఇండెక్స్ (త్వరగా వెతకడానికి వాడే సూచిక) వేయండి. 9.2 వెర్షన్ నుంచి పోస్ట్‌గ్రెస్ ఇలాంటి చోట టేబుల్ జోలికి పోకుండా ఇండెక్స్‌తోనే లెక్క ముగించగలదు. అయితే వ్యాక్యూమ్ (పాత వరుసలను శుభ్రం చేసే పని) సరిగా జరగకపోతే విజిబిలిటీ మ్యాప్ (ఏ పేజీల్లోని వరుసలన్నీ అందరికీ కనబడతాయో గుర్తుంచుకునే పట్టీ) వెనుకబడి, మళ్లీ టేబుల్ పేజీలు తిరగేయవలసి వస్తుంది. క్వెరీ ఎలా నడిచిందో చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్‌లో హీప్ ఫెచెస్ (టేబుల్ దగ్గరికి వెళ్లవలసి వచ్చిన సార్లు) అనే వరుస చూడండి. ఆ అంకె సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది.

జవాబు 2:
పేజీ క్వెరీనే కాపీ చేసి కౌంట్ రాశారేమో చూసుకోండి. శాఖ పేరు చూపడానికి పెట్టిన లెఫ్ట్ జాయిన్ (మరో టేబుల్‌ను కలపడం), ఆర్డర్ బై (క్రమంలో పెట్టడం) లెక్కకు అక్కరలేదు. పైగా జాయిన్ అవతల ఒక రసీదుకు రెండు వరుసలుంటే లెక్కే తప్పుతుంది, అది ఆలస్యం కన్నా పెద్ద ప్రమాదం.

జవాబు 3:
అసలు కచ్చితమైన సంఖ్య ఎవరికి కావాలో అడిగి చూడండి. లిమిట్ 1001 (1001 వరుసలకు మించకుండా) పెట్టిన సబ్‌క్వెరీపై (లోపలి క్వెరీపై) కౌంట్ వేసి, 1001 వస్తే "1000 కన్నా ఎక్కువ" అని చూపితే, దొరికే వరుసలు ఎక్కువగా ఉన్నప్పుడు డేటాబేస్ అక్కడితో ఆగిపోతుంది. ఉన్నాయా లేవా అన్నదే ప్రశ్న అయితే ఎగ్జిస్ట్స్ చాలు. టేబుల్ మొత్తానికి అంచనా సరిపోతే పోస్ట్‌గ్రెస్ సొంత పట్టిక పీజీ_క్లాస్‌లోని రెల్‌టపుల్స్ (వరుసల సంఖ్య అంచనా) చూడవచ్చు. వేర్ షరతు ఉన్నచోట అది పనికిరాదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. ఇండెక్స్ వేసిన తరువాత కూడా హీప్ ఫెచెస్ లక్షల్లో కనబడింది. వ్యాక్యూమ్ నడిపాక వందల్లోకి దిగి, లెక్క సెకను లోపే వస్తోంది. జాయిన్ కూడా తీసేశాను. తీసేశాక మొత్తం తగ్గింది, అంటే ఇన్నాళ్లూ కొన్ని రసీదులను రెండుసార్లు లెక్కపెడుతున్నాము. పాత నివేదికలను ఈ రోజే సరిచూడడం మొదలుపెట్టాను.