స్కాట్లాండ్ ఆవిరి రైలుకు టికెట్లు బుక్ కావడం లేదు, ఎవరైనా సాయం చేయండి

వైజాగ్_కుర్రాడు:
నిన్న రాత్రి నుంచి దీని ముందే కూర్చున్నాను, తల వేడెక్కిపోయింది. అమ్మానాన్న వైజాగ్ నుంచి వచ్చారు. నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు. సినిమాల్లో పెద్ద కమానుల వంతెన మీద ఆవిరి రైలు వెళ్తుందే, అది ఎక్కాలని ఆయన కోరిక. ఏ తేదీ నొక్కినా ఒక్క రైలూ చూపించడం లేదు. ఫోన్, నా లాప్‌టాప్, రూమ్మేట్ లాప్‌టాప్ అన్నీ అయ్యాయి. దీంతోపాటు ఎడింబరో, స్కై దీవి, లాక్ నెస్ సరస్సు, రెండు మూడు కోటలు కూడా నాలుగు రోజుల్లో కవర్ చేయాలి. బుకింగ్ ఎలా చేయాలో తెలిసినవాళ్లు చెప్పండి. గూగుల్ చేసుకో అని మాత్రం అనకండి ప్లీజ్.

కొండపల్లి_బొమ్మ:
ఏ నెల? ఎక్కడి నుంచి? కారా, రైలా?

సీమ_చరిత్ర:
తమ్ముడూ, రైలు సంగతి కాసేపు పక్కన పెట్టు. స్కాట్లాండ్ వెళ్లే తెలుగువాడు ముందు చూడాల్సింది గ్లాస్గో. సర్ థామస్ మన్రో 1761లో పుట్టింది ఆ ఊళ్లోనే, చదివింది అక్కడి విశ్వవిద్యాలయంలోనే. 1800 నుంచి 1807 దాకా మన దత్తమండలాలకు కలెక్టరు, తర్వాత మద్రాసు గవర్నరు. మధ్యలో జమీందారు లేకుండా రైతు నేరుగా శిస్తు కట్టే పద్ధతి సీమలో పాతుకుందంటే ఆయన చలవే. 1827లో పత్తికొండ దగ్గర కలరా సోకి పోయాడు. మా వైపు పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నవాళ్లున్నారు. ఇక కల్నల్ కాలిన్ మెకంజీ సంగతి. లూయిస్ దీవిలో స్టార్నవే ఆయన సొంతూరు. కావలి వెంకట బొర్రయ్య లాంటి మనవాళ్లను పెట్టుకుని ఊరూరా కైఫియత్తులు, అంటే ఆయా ఊళ్ల చరిత్రలు, రాయించాడు. 1815లో దేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఇవేవీ తెలియకుండా వంతెన మీద ఫోటో దిగి వచ్చేస్తే ఏం లాభం?

పచ్చిపులుసు:
సూపర్ అన్నా. అక్కడ పెద్ద కొండలన్నిటికీ మన్రోలనే పేరట. 282 ఉన్నాయి. మన కలెక్టరు పేరే పెట్టారన్నమాట.

గ్లాస్గో_బాబాయి:
ఆ మన్రో వేరు, ఈ మన్రో వేరు. 3000 అడుగులు దాటిన కొండలకు 1891లో జాబితా వేసినాయన సర్ హ్యూ మన్రో. ఆ జాబితా వల్ల కొండలకు ఆ పేరు. అప్పటికి మీ థామస్ మన్రో పోయి అరవై ఏళ్లు దాటింది.

సీమ_చరిత్ర:
ఒకే క్లాన్ కదా, అంటే ఒకే వంశం, దూరపు బంధువులై ఉండొచ్చు.

గ్లాస్గో_బాబాయి:
ఇంటిపేరు ఒకటైన వాళ్లంతా అన్నదమ్ములేనా అండీ?

వైజాగ్_కుర్రాడు:
అయ్యా, నేనడిగింది రైలు గురించి. ఏ నెల అంటే, సెలవులకే కదండీ, క్రిస్మస్‌కి. ఆఫీసువాళ్లు ఇంకెప్పుడిస్తారు? 24న వెళ్లి 27న తిరిగి రావాలి.

కొండపల్లి_బొమ్మ:
డిసెంబర్లో ఆ రైలు నడవదు.

వైజాగ్_కుర్రాడు:
అస్సలా? ఆ ముక్క నిన్న రాత్రే ఎవరైనా చెప్పి ఉంటే పడుకునేవాణ్ని.

కొండపల్లి_బొమ్మ:
ఏ నెల అని మొదటే అడిగా.

గ్లాస్గో_బాబాయి:
బాబూ, ఆవిరి రైలు వసంతంలో మొదలై అక్టోబరుతో ఆగిపోతుంది. కానీ నాన్నగారి కోరిక తీరే దారుంది. ఆ పట్టాల మీద, ఆ వంతెన మీదే మామూలు రైలు ఏడాది పొడవునా తిరుగుతుంది. గ్లాస్గో క్వీన్ స్ట్రీట్‌లో ఎక్కితే ఫోర్ట్ విలియమ్ మీదుగా సముద్రం ఒడ్డున మాలేగ్ దాకా పోతుంది. ఇంజను డీజిలే, టికెట్ మాత్రం ఆవిరి రైలు కంటే తక్కువ. రైల్వే మనిషికి ఆ లైనే ఒక వింత. రానక్ మూర్ అనే పెద్ద బురదనేల మధ్యలోంచి, ఒక్క రోడ్డు కూడా కనపడని చోట్లలోంచి వెళ్తుంది. దారిలో కొరౌర్ అని స్టేషనుంది, బ్రిటన్ మెయిన్ లైన్లలో అంతకంటే ఎత్తున ఉన్న స్టేషన్ లేదు, 408 మీటర్లు. గ్లెన్‌ఫినన్ వంతెనకు 21 కమానులు. అది రాతికట్టడం కాదు, కాంక్రీటు. ఫోర్ట్ విలియమ్ నుంచి మాలేగ్ దాకా ఉన్న ఆ లైను 1901లో మొదలైంది. ఫోర్ట్ విలియమ్ నుంచి మాలేగ్ వైపు వెళ్లేటప్పుడు ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి, వంతెన వంపు అంతా కనిపిస్తుంది.

ఇప్పుడు చెడు కబురు. 25న స్కాట్లాండ్‌లో రైళ్లే ఉండవు. 26న కూడా చాలా లైన్లలో ఉండవు. ఎడింబరో కోట ఆ రెండు రోజులూ మూసేస్తారు. మీ నాలుగు రోజుల్లో రెండు రోజులు హోటల్ గదిలోనే గడిచిపోతాయి. సెలవు 27 తర్వాతకి మార్చుకోగలరేమో చూడండి. ఇంకోటి, అక్కడ డిసెంబర్లో మధ్యాహ్నం మూడున్నర దాటాక చీకటే. పొద్దున్నే మొదటి రైలు ఎక్కితేనే వంతెన వెలుతురులో చూడగలరు. ఆ రాత్రికి ఫోర్ట్ విలియమ్‌లో ఉండిపోండి. స్కై ఈసారికి వద్దు.

వైజాగ్_కుర్రాడు:
స్కై వదలలేనండీ, అమ్మ రీల్స్‌లో చూసి అదొక్కటే అడిగింది. కారు తీసుకుంటాను. ఇండియా లైసెన్స్ ఉంది, ఇక్కడా ఎడమవైపే కదా నడిపేది.

కొండపల్లి_బొమ్మ:
యూకే వచ్చి ఎన్నాళ్లయింది?

వైజాగ్_కుర్రాడు:
మాస్టర్స్ అయిపోయింది, బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం.

కొండపల్లి_బొమ్మ:
అంటే ఏడాది దాటింది. ఇండియా లైసెన్స్ చెల్లదు. ఇక్కడ నివాసం మొదలైన రోజు నుంచి 12 నెలలే.

పచ్చిపులుసు:
మా కజిన్ ఆ లైసెన్స్‌తోనే మూడేళ్లు నడిపాడు బ్రో, ఏం కాలేదు.

గ్లాస్గో_బాబాయి:
ఏదైనా గుద్దుకుంటే తెలిసేది, ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు. పిల్లాడికి అలాంటివి చెప్పకండి. చట్టం ప్రకారం చూస్తే, విజిట్ వీసా మీద వచ్చిన నాన్నగారు వాళ్ల లైసెన్స్‌తో నడపొచ్చు. కానీ అద్దెకిచ్చేవాళ్లకు వయసు పరిమితులుంటాయి, అడిగి చూడాలి. స్కైలో చాలా రోడ్ల మీద ఒక్క కారే పడుతుంది. ఎదురుగా బండి వస్తే పక్కన వెడల్పు చేసిన జాగాలో ఆగి దారి ఇవ్వాలి. అక్కడ కారు పెట్టి ఫోటోలు దిగకూడదు. మంచు, చీకటి, తెలియని రోడ్డు, పెద్దాయన. ఎందుకా టెన్షన్? జూన్‌లో తీసుకెళ్లండి, రాత్రి పదింటిదాకా వెలుతురుంటుంది. చిన్న దోమల్లాంటి మిడ్జ్‌లు మాత్రం కుట్టి చంపుతాయి.

సీమ_చరిత్ర:
స్కై కంటే ఇన్వర్నెస్ దగ్గర కలోడెన్ మైదానం నయం. 1746 ఏప్రిల్ 16న తిరుగుబాటుదారులకీ ప్రభుత్వ సైన్యానికీ అక్కడ జరిగిన యుద్ధం గంటలోపే ముగిసింది. ఆ ఏడాదే హైలాండ్ (స్కాట్లాండ్ కొండప్రాంతం) దుస్తుల మీద నిషేధం పెట్టారు, 1782 దాకా ఎత్తేయలేదు. అక్కడి మగవాళ్ల గళ్ల లంగా, అదే కిల్ట్, వేసుకుని నవ్వుతూ ఫోటో దిగేవాళ్లకి ఈ సంగతి తెలియాలి.

వైజాగ్_కుర్రాడు:
నాన్నకు కిల్ట్ ఫోటో కూడా కావాలన్నారు... ఇంతకీ అమ్మ మాంసం తినదు. ఫోర్ట్ విలియమ్‌లో తిండి ఎలా?

పచ్చిపులుసు:
హాగిస్ తినిపించు బ్రో, మన బోటి కూరే.

హైదరాబాదీ_ఆంటీ:
తినదు అంటున్నాడు కదా బాబూ, కాస్త చదువు. పైగా బోటి అంటే పేగులు. హాగిస్‌లో వేసేది గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు, ఓట్స్, ఉల్లిపాయ, మిరియాలు. రెండూ ఒకటెలా అవుతాయి?

పచ్చిపులుసు:
మా ఊళ్లో అన్నీ కలిపే బోటి అంటారు ఆంటీ.

హైదరాబాదీ_ఆంటీ:
ఏ ఊరు మీది? బాబూ వైజాగ్, పప్పులు, ఓట్స్‌తో చేసే వెజ్ హాగిస్ కూడా చాలాచోట్ల దొరుకుతుంది. అమ్మకి ఘాటుగా బాగానే ఉంటుంది. పులిహోర మాత్రం కట్టుకెళ్లండి, చలికాలం చిన్న ఊళ్లలో హోటళ్లు కొన్ని మూసేస్తారు. ఎడింబరోలో అలసిపోతే చేంబర్స్ స్ట్రీట్‌లో నేషనల్ మ్యూజియంకి వెళ్లండి. టికెట్ లేదు, వెచ్చగా ఉంటుంది, క్లోనింగ్ గొర్రె డాలీని కూడా అక్కడే పెట్టారు.

సీమ_చరిత్ర:
గ్లాస్గోలో ఒక పూట ఆగుతావా లేదా, అది చెప్పు.

వైజాగ్_కుర్రాడు:
సెలవు మారింది. 28న గ్లాస్గో నుంచి మామూలు రైలే బుక్ చేశా, ఎడమవైపు సీట్లు. అమ్మకి స్కై లేదని ఇంకా చెప్పలేదు. థాంక్స్ అందరికీ.

నెల్లూరు_నుంచి:
నమస్తే, మేము జూన్‌లో రెండు ఫ్యామిలీలు వెళ్తున్నాం. ఏడు సీట్ల కారు ఆటోమేటిక్‌లో దొరుకుతుందా? స్కాట్లాండ్‌కి వేరే వీసా కావాలా?

కొండపల్లి_బొమ్మ:
వేరే వీసా అక్కర్లేదు, యూకే వీసా చాలు. కారు సంగతి కొత్త పోస్ట్ పెట్టండి. తేదీలు రాయండి.