గోడ మీది రావిని "బదనిక" అనొచ్చా?

ప్రశ్న: కొత్త ఊళ్లకు వెళ్లినవాళ్లు అక్కడ గోడ పగుళ్లలో, నీళ్ల పైపుల పక్కన మొలిచిన రావి మొక్కల్ని ఫొటో తీసి, కింద "బదనిక" అని రాస్తున్నారు. సరైన మాటేనా?

జవాబు: కాదండీ. బదనికకు బతికున్న కొమ్మ కావాలి. దాని విత్తుకు జిగురుంటుంది. పిట్టల వల్ల కొమ్మకు అంటుకుని, వేరులాంటి భాగాన్ని లోపలికి దించి చెట్టు నీళ్లు లాగుతుంది. మామిడి మీద తరచూ కనిపించేది అదే. సున్నం గోడలో లాగడానికేముంది?

మరొకరు: పాఠ్యపుస్తకాల్లోని "వృక్షోపజీవి" (చెట్టును పీల్చకుండా దాని మీద ఆసరాగా మాత్రమే పెరిగే మొక్క) అని రాస్తేనో?

జవాబు: తాటిమట్టల సందులో మొలిచిన రావికైతే సరే. గోడకు "పడి మొలిచిన రావి" చాలు. పిట్ట పండు తిని రెట్ట వేస్తే, తడి ఉన్న పగులులో మొలుస్తుంది. కారే పైపు అతుకుల దగ్గర వెతకండి, దొరుకుతాయి.

ఇంకొకరు: ముందు అది రావేనా అని చూడాలి. రావి ఆకు కొస తోకలా సాగుతుంది, లేత మొక్కలో ఆ తోక పొట్టిగా ఉండొచ్చు. మర్రి ఆకు మందం, కొస మొద్దు. జువ్వి ఆకు కోలగా ఉంటుంది. సంస్కృతంలో ఇవి వరసగా అశ్వత్థం, వటం, ప్లక్షం. ఇక గంగరావి పేరుకే రావి, అసలు పత్తి, బెండల కుటుంబం. హృదయాకారపు ఆకు చూసి పొరబడతారు. దాని పువ్వు పసుపు, ఆకుకు ఆ పొడవాటి తోక ఉండదు.

ప్రశ్న: ఒక్క ఫొటోతో ఇవన్నీ తేలతాయా?

జవాబు: తేలవు, నాలుగు తీయండి: గోడతో సహా మొత్తం మొక్క, ఆకు పైభాగం, అడుగుభాగం, కాండం గోడలోంచి బయటికొచ్చే చోటు. ఫోన్‌లో వైడ్ (ఎక్కువ వెడల్పు చూపే) లెన్స్ వద్దు, గోడ గీతలు వంగుతాయి. వెనక్కి జరిగి రెండు రెట్ల జూమ్ వాడండి. తెల్ల సున్నం గోడైతే కెమెరా వెలుగు తగ్గించేసి ఆకును నల్లగా చూపిస్తుంది, ఎక్స్‌పోజర్ (ఫొటోలో వెలుగు మోతాదు) +0.7 నుంచి +1 దాకా పెంచండి. పైన ఆకాశం వస్తే ఆకు మీద వేలు నొక్కి వెలుగు సరిచేయాలి. రావి తొడిమ పొడుగు, కొద్ది గాలికే ఆకు ఊగుతుంది. అందుకే ఆకు చెదరకుండా 1/500 సెకను షట్టర్ వేగం, లేదా గాలి లేని పొద్దుటి వేళ. కొలతకు ఇటుకో పైపో ఫ్రేములో ఉంచితే సరి. పాలు కారతాయో లేదో చూడ్డానికి ఆకు తుంచకండి, పైగా మర్రికీ జువ్వికీ కూడా పాలుంటాయి, దాంతో ఏదో తేలదు.

మరొకరు: పొరుగు రాష్ట్రాల్లో స్థానికుల్ని అడిగేటప్పుడు రావి పేరు తమిళంలో అరస మరం, కన్నడంలో అరళి, మరాఠీలో పింపళ్, హిందీలో పీపల్. మలయాళంలో అరయాల్. ఫొటో కింద ఆ ఊళ్లో చెట్టును పిలిచే పేరు కూడా రాస్తే వెతికేవాళ్లకు దొరుకుతుంది.