అప్‌డేట్: చిప్ప కింది నుంచి కదలని గోబీ చేప – కారణం తెలిసింది

మా ఉప్పునీటి తొట్టిలోని శాండ్ గోబీల జంటలో ఒకటి చిప్ప కింద దూరి, పైన ఇసుక కప్పుకుని, మేతకు కూడా రావడం లేదని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. అది గుడ్లను కాస్తున్న మగచేప కావచ్చన్న మాటే నిజమైంది. చేపల వైద్యురాలు టార్చి వేసి చూపించారు: చిప్ప లోపలి కప్పుకు ఒకే పొరగా అంటుకున్న గుడ్లు, వాటి కింద ఆగకుండా రెక్కలు విసురుతున్న తండ్రి. ఆ విసురుకే గుడ్లకు తాజా నీరు, ప్రాణవాయువు అందుతాయట. ఎంత ఓపికో!

నీటి పరీక్షలన్నీ సక్రమంగానే వచ్చాయి. ఉప్పు శాతానికీ దీనికీ సంబంధం లేదు, మందు అసలే అక్కర్లేదు. మీకూ ఇలాగే కనిపిస్తే చిప్పను ఎత్తకండి, గూడు చెదిరిపోతుంది. ఇప్పుడు పిల్లలు బయటికి వచ్చి నడినీటిలో తేలుతున్నాయి, తండ్రి మళ్లీ మేత తింటున్నాడు.