ఇవాళే అందాలి: ఆమదాలవలస స్కూలుకి పూలబుట్ట

ప్రశ్న
అక్క ఆమదాలవలస దగ్గర స్కూల్లో హెడ్మిస్ట్రెస్. ఇవాళ 31, సాయంత్రం 4కి రిటైర్మెంట్ సభ. నేను పూణెలో ఉన్నాను, రావడం కుదర్లేదు. శ్రీకాకుళం పూలకొట్టు నుంచి ఇవాళే ఏదైనా మంచిది పంపించాలి. వెబ్‌సైట్‌లో ఆర్డర్ పెట్టాలా, నేరుగా కొట్టుకే ఫోన్ చేయాలా? ఏమేం అడగాలి? వాడిపోయిన పూలు స్టేజీ మీదికి వెళ్తే అస్సలు బాగోదు.

జవాబు 1
నేరుగా కొట్టుకే చేయండి, 10 దాటకముందే. వెబ్‌సైట్ల వాళ్లు చాలావరకు తమ వాటా ఉంచుకుని ఆర్డర్‌ని ఇక్కడి కొట్టుకే పంపుతారు, మీరు కట్టిన డబ్బంతా పూలలోకి రాదు. ఇక్కడ ఎవరూ ఒప్పుకోకపోతే విశాఖ నుంచి తేవాలి, అది నూరు కిలోమీటర్ల పైమాటే.

ఇవాళ నెలాఖరు అన్నది గుర్తుంచుకోండి. గవర్నమెంటు రిటైర్మెంట్లన్నీ నెల చివరి రోజే కాబట్టి కొట్లన్నీ పొద్దున్నుంచీ దండలు, గజమాలల పనిలో ఉంటాయి. దానికి తోడు ముహూర్తం కూడా ఉంటే, బుట్టలు కట్టే మనిషి మండపం డెకరేషన్‌కి వెళ్లిపోతాడు. అందుకే మొదట అడగాల్సింది రేటు కాదు, "బుట్ట కట్టే ఆయన కొట్లోనే ఉన్నారా?" అని.

నెట్‌లో దొరికిన ఫొటో పంపి ఇలాగే కావాలనకండి. బకెట్లలో ఇవాళ ఏమున్నాయో ఫొటో తీసి వాట్సాప్ చేయమనండి, కాడల చివర్లు కూడా కనిపించాలి. పచ్చగా ఉంటే కొత్తవి. గోధుమరంగుకి తిరిగి జిగురుగా ఉంటే నీళ్లలో రోజులు గడిచినవి. గులాబీలు మామూలుగా 20 కాడల కట్ట, జెర్బెరాలు 10 కాడల కట్టగా వస్తాయి. మీరు 25 గులాబీలంటే ఆ అయిదింటి కోసం ఇంకో కట్ట విప్పడం ఇష్టంలేక నిన్నటివి కలిపేస్తారు. కట్ట లెక్కన అడిగితే ఆ గొడవ ఉండదు.

జవాబు 2
పైన చెప్పినవన్నీ సరే, ఒకటి కలుపుతాను: బొకే వద్దు, ఫోమ్ (నీరు పీల్చుకుని కాడలకు అందించే, స్పాంజి లాంటి ఇటుక) పెట్టిన బుట్ట చెప్పండి. 4 గంటల సభంటే ఉపన్యాసాలన్నీ అయి పూలు చేతికందేసరికి 6 అవుతుంది. బొకేలో కాడలకు అంతసేపూ నీరుండదు.

ఫోమ్ తడిపే దగ్గరే రద్దీ రోజున తొందరపడతారు. ఆ ఫోమ్ ఇటుకని నీళ్ల మీద వదిలేస్తే ఒకటి రెండు నిమిషాల్లో తనంతట తనే మునగాలి. చేత్తో నొక్కినా, పైనుంచి నీళ్లు పోసినా పైపొర తడిసి లోపల గాలి ఉండిపోతుంది. ఆ పొడి చోట గుచ్చిన గులాబీ తొందరగా మెడ వాల్చేస్తుంది. గుచ్చిన కాడని సర్దడానికి కొంచెం పైకి లాగినా అంతే, కింద ఖాళీ పడి నీరందదు. ఏటవాలుగా కోసి ఒక్కసారే అంగుళంన్నర లోతుకి దించాలి. ఇటుకకి 20–25 కాడలు చాలు, అంతకు మించితే ఫోమ్ పగులుతుంది. ఎక్కువ పూలు కావాలంటే రెండు ఇటుకలు పెట్టమనండి.

అడిగినవారు
చాలా థ్యాంక్స్ అండీ. కొట్టుతో మాట్లాడాను. ఎర్ర గులాబీ ఒక కట్ట, నారింజ రంగు జెర్బెరా, తెల్ల చామంతి ఉన్నాయట. తీసుకెళ్లి ఇచ్చే కుర్రాడు మాత్రం 2 లోపే ఖాళీ అన్నారు. అంత ముందు పంపిస్తే పాడవవా?

జవాబు 3
ఫోమ్ సరిగ్గా తడిస్తే పాడవవు, 2కే పంపించమనండి. 20 గులాబీలు, 10 జెర్బెరాలు, చుట్టూ చామంతి అంటే రెండు ఇటుకల బుట్ట. జెర్బెరా కాడ మెత్తన, తల బరువుకి వంగుతుంది, సన్న తీగ చుట్టమని తప్పకుండా చెప్పండి.

బైక్ మీద వద్దండీ, దారి పొడుగునా గాలి కొట్టి రేకుల అంచులు ఎండిపోతాయి. ఆటోలో, సీటు మీద కాకుండా కింద కాళ్ల దగ్గర పెట్టాలి. పైన పల్చటి కాగితం కప్పితే చాలు. ప్లాస్టిక్ బిగించి మూస్తే లోపల చెమ్మ పట్టి రేకుల మీద మచ్చలొస్తాయి.

తీసుకునేవాళ్లుగా అక్క నంబర్ ఇవ్వకండి, ఆవిడ ఇవాళ ఫోన్ ఎత్తే పరిస్థితిలో ఉండరు. తోటి టీచర్ ఎవరిదైనా ఇచ్చి, ఆవిడతో ముందే మాట్లాడండి: స్టాఫ్ రూంలో నీడన పెట్టాలి, ఫ్యాన్ కింద వద్దు, మూడున్నరకి ఫోమ్ మీద ఒక గ్లాసు నీళ్లు నిదానంగా పోయాలి. ఇంటికి వెళ్లాక పండ్ల బుట్ట పక్కన మాత్రం పెట్టొద్దనండి. ముగ్గిన పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్‌కి పూలు తొందరగా వాడతాయి. రోజూ కాసిని నీళ్లు పోస్తే గులాబీలు రాలిపోయినా చామంతులు నిలుస్తాయి.

కార్డు మీద రాయాల్సింది ఫోన్‌లో చెప్పకుండా తెలుగులో టైప్ చేసి పంపండి. డబ్బు సగం ఇప్పుడు, మిగతా సగం బుట్టదీ కార్డుదీ ఫొటో వచ్చాక, ఆటో ఎక్కించే ముందు.